ముద్ద దిగడం లేదంటే: ఆహారనాళం క్యాన్సర్‌లో ముందు తిండి సంగతి చూడండి

ఒడిశా సరిహద్దులోని గుణుపురం వైపు నుంచి ఒక అబ్బాయి అడిగాడు. వాళ్ళ నాన్నకి 62 ఏళ్ళు. నాలుగు నెలలుగా అన్నం ముద్ద గుండెల దగ్గర ఆగుతోందంటే గ్యాస్ అనుకుని మాత్రలు వాడారు. ఇప్పుడు పాలు, చారునీళ్ళు తప్ప ఏమీ దిగడం లేదు. శ్రీకాకుళంలో ఎండోస్కోపీ చేయిస్తే ఆహారనాళంలో గడ్డ ఉందన్నారు, ముక్క తీసి పరీక్షకి పంపారు. ఒకచోట వెంటనే స్టెంట్ (గడ్డ మధ్యలో దారి తెరిచి ఉంచే గొట్టం) వేసేద్దాం అన్నారట. చుట్టాలేమో ముక్క తీయడమే తప్పు, ఇంక ముదిరిపోతుంది అంటున్నారు. స్టెంట్ వేయించాలా, విశాఖ వెళ్ళాలా కటక్ వెళ్ళాలా, ముక్క తీస్తే నిజంగా ముదురుతుందా, నాన్నకి చెప్పాలా వద్దా, ఇవీ ఆ అబ్బాయి ప్రశ్నలు.

అన్నిటికీ చెప్తాను. కానీ బాబూ, మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నేను దానితోనే మొదలుపెడతాను. నాన్నగారు రోజు మొత్తం మీద ఎన్ని గ్లాసులు, ఏమేమి తాగుతున్నారు? నాలుగు నెలల కిందట బరువెంత, ఇప్పుడెంత? ఈ రెండూ ఈరోజే కాగితం మీద రాయండి. మిగతా వైద్యం ఏది చేయగలం, ఏది చేయలేం అన్నది చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

నేను సర్జన్ని. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో చదువుకున్నాను, ఆ తర్వాత ఎక్కువ కాలం పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం జనానికే వైద్యం చేశాను. క్యాన్సర్ స్పెషలిస్టుని కాదు. రేడియేషన్, కీమో ఇచ్చేది పెద్ద ఊళ్ళలోనే. కానీ ఈ జబ్బు మొదట చూసేది నాలాంటివాళ్ళమే, అక్కడ వైద్యం అయ్యాక తిరిగొచ్చేదీ మా దగ్గరికే, కాబట్టి మొదలూ చివరా రెండూ చూశాను. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా అర్థమైనది ఇది: ఆహారనాళం క్యాన్సర్‌లో మన ప్రాంతం మనిషిని ముందుగా పడగొట్టేది గడ్డ కాదు, ఆకలి. గడ్డకి వైద్యం మొదలయ్యేలోపే మనిషి ఎముకల గూడైపోతాడు, అక్కడికి వెళ్ళాక 'ఈయన కీమో తట్టుకోలేడు' అని వెనక్కి పంపేస్తారు. ఇంటికొచ్చి నెలలోపు పోతాడు. అందరూ క్యాన్సర్ తీసుకుపోయిందంటారు.

ఒక మనిషి గురించి చెప్తాను, వివరాలు కావాలనే చెప్పడం లేదు. రైతు, అరవైకి దగ్గరపడ్డాడు. చిన్నప్పటి నుంచీ చుట్ట, పొద్దున్న లేవగానే గుడాఖు (పళ్ళకి రుద్దే పొగాకు ముద్ద), సాయంత్రం సారా. మొదట ముద్ద ఆగితే నీళ్ళు తాగి దింపుకున్నాడు. తర్వాత అన్నం మెత్తగా వండించుకున్నాడు, ఆ తర్వాత చారులో పిసికి, ఆ తర్వాత చోడి (రాగి) అంబలి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా అదే అలవాటైపోతుంది, ఇంట్లోవాళ్ళకీ అలవాటైపోతుంది, జబ్బు ఆలస్యంగా బయటపడేది అందుకే. ఇంకో కారణం కూడా ఉంది. ఆహారనాళం సాగే గొట్టం, గోడలో ఒకవైపు గడ్డ పుట్టినా మిగతా భాగం సాగి దారి ఇస్తూనే ఉంటుంది. పూడిక పడుతున్న పంటకాలవలో ముందు మట్టిగడ్డలు ఆగి నీళ్ళు మాత్రం చివరిదాకా పారినట్టు, ఇక్కడా గట్టి తిండి ముందు ఆగుతుంది, మెత్తటిది తర్వాత, నీళ్ళు అన్నిటికన్నా ఆఖర్న. కాబట్టి 'ఇంకా నీళ్ళు దిగుతున్నాయి కదా' అన్నది ధైర్యం తెచ్చుకోవాల్సిన మాట కాదు.

ఆయన నా దగ్గరికి వచ్చేసరికి సొంత ఉమ్మి కూడా మింగలేక చేతిలో గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. "ముద్ద దిగీడం నేదు బాబూ, నీలు కూడా పైకొచ్చెస్తన్నాయి" అన్నాడు. అంతకుముందు పది పన్నెండు రోజులు ఊళ్ళో రోజుకి రెండు సెలైన్ సీసాలు ఎక్కించారు. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుందన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిగా ఉంది. మామూలు ఉప్పు సెలైన్‌లో బలం సున్నా, అది ఉప్పునీళ్ళే. గ్లూకోజ్ కలిసిన అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే వంద కిలోకేలరీలు కూడా రావు. ఒక గ్లాసు చిక్కటి పాలల్లో అంతకన్నా ఎక్కువ ఉంటుంది, పైగా మాంసకృత్తులు కూడా ఉంటాయి. నీరసించిన మనిషికి నీళ్ళు తగ్గకుండా సెలైన్ కాపాడుతుంది, తిండి పెట్టినట్టు మాత్రం కాదు. రోజుకి రెండు సీసాలతో పది రోజులు అంటే అది పది రోజుల ఉపవాసమే.

ఎండోస్కోపీ చేస్తే పళ్ళ దగ్గర్నుంచి 28 సెంటీమీటర్ల లోతులో గడ్డ, ఎండోస్కోపీ గొట్టం దాన్ని దాటి కిందికి వెళ్ళలేదు. అక్కడే ముక్కలు తీసి, సన్నటి తీగ ఒకటి గడ్డ పక్కనుంచి కిందికి దించి, ఆ తీగ మీదుగా రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి దించే తిండి పైపు, కడుపులోకి వేశాను. ఈ ట్యూబ్‌ని ఇలాంటి గడ్డ ఉన్నప్పుడు గుడ్డిగా తోయకూడదు, చిరిగిపోతుంది, ఎండోస్కోపీ చేసేవాళ్ళే వేయాలి. అస్సలు దారి లేకపోతే పొట్ట మీద చిన్న ఆపరేషన్ చేసి చిన్నపేగులోకి పైపు పెడతారు. జీర్ణాశయానికి పెట్టకుండా పేగుకి ఎందుకంటే, రేపు పెద్ద ఆపరేషన్ చేయాల్సి వస్తే తీసేసిన ఆహారనాళం స్థానంలో జీర్ణాశయాన్నే గొట్టంలా మలిచి పైకి లాగుతారు, దానికి ముందే కన్నం పెట్టడం మంచిది కాదు. ఈ సంగతి మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి.

ట్యూబ్ అనగానే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. ముక్కులో పైపు పెట్టారంటే ఇక చివరికొచ్చినట్టే అని మనవాళ్ళ భయం. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వచ్చి ఏడుస్తారు, అది చూసి రోగి బెంగపెట్టుకుంటాడు. ఆయన భార్య అడిగిన మాట నాకు బాగా గుర్తుంది: "ముక్కులోంచి పోస్తే రుచేటి తెలుస్తాది బాబూ?" ఆ బాధ నిజమైనదే. రుచి తెలీదమ్మా, కానీ మీ ఆయన నోట్లో ఏదన్నా పెట్టుకుని నమిలి రసం చూసి ఉమ్మేయొచ్చు, బలం మాత్రం పైపులోంచి పోనివ్వండి, వైద్యం మొదలై దారి తెరుచుకున్నాక నోటితోనే తింటాడు, అప్పుడు తీసేస్తాను అని చెప్పాను. ట్యూబ్ వేసేది మనిషిని వైద్యానికి సిద్ధం చేయడానికి. ఎవరికి వేసినా నేను మొదట ఈ మాటే చెప్తాను, ఎందుకంటే ఇది సరిగ్గా అర్థం కాకపోతే ఇంటికెళ్ళి రాత్రికి రాత్రే పీకేస్తారు.

ఇక ఏం పోయాలి, ఎంత పోయాలి. సుమారుగా కిలో బరువుకి రోజుకి 30 కిలోకేలరీలు, ఒకటింబావు నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు అందాలి. 45 కిలోల మనిషైతే 1350 కిలోకేలరీలు, 56 నుంచి 68 గ్రాముల మాంసకృత్తులు. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి, ఒక గ్లాసు పాలల్లో కూడా దాదాపు అంతే. ఖరీదైన పౌడర్ డబ్బాలు తప్పనిసరి కాదు, కొనగలిగితే వాడండి, అప్పు చేసి మాత్రం కొనకండి. చోడిపిండి జావ పల్చగా కాచి, అందులో పాలు, వేయించి మెత్తగా దంచిన వేరుసెనగ పొడి, ఒక చెంచా నూనె, కొంచెం బెల్లం వేసి గుడ్డలో వడగట్టండి. ఉడికించిన గుడ్డుని పాలతో మిక్సీ పట్టి వడగట్టండి, పచ్చిగుడ్డు వద్దు. ముద్దపప్పు పల్చగా చేసి వడగట్టి పోయొచ్చు. రెండు మూడు గంటలకోసారి 200 మిల్లీలీటర్లు, మనిషిని కూర్చోబెట్టి, నెమ్మదిగా. తర్వాత అరగంట పడుకోబెట్టకూడదు. ప్రతిసారీ చివర్లో ఒక పెద్ద సిరంజి నీళ్ళు పోస్తే పైపు మూసుకుపోదు. ముక్కు దగ్గర ట్యూబ్ మీద గుర్తు పెట్టుకుని అది జరిగిందేమో పోసే ముందు చూడండి, జరిగితే పోయకుండా ఆసుపత్రికి రండి. పేగులోకి పెట్టిన పైపైతే ఇలా ఒకేసారి 200 పోయకూడదు, చుక్కలు చుక్కలుగా ఎక్కించాలి, దాని పద్ధతి వేసినవాళ్ళే నేర్పుతారు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. వారం పది రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి మొదటిరోజే పూర్తి మోతాదు పోస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి గుండె లయ తప్పుతుంది, ప్రాణం పోవచ్చు కూడా. కాబట్టి బాగా చిక్కిపోయినవాళ్ళకి మొదటి కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచి, సగం కన్నా తక్కువతో మొదలుపెట్టి, విటమిన్ బి1 ఇస్తూ, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచుతాం. ప్రేమ కొద్దీ ఇంట్లో తొందరపడకండి.

పథ్యం గురించి కూడా చెప్పి తీరాలి. మనవాళ్ళు లోపల పుండు అనగానే గుడ్డు మానిపిస్తారు, చేప మానిపిస్తారు, పాలు మానిపిస్తారు, చీము పడుతుందని. ఇప్పుడు కొత్తగా ఫోన్‌లో వీడియోలు చూసి తీపి కూడా మానిపిస్తున్నారు, చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని. అన్నీ మానిపించాక మిగిలేది గంజినీళ్ళు. ఈ జబ్బులో తినగలిగింది ఏదైనా పెట్టండి, షుగర్ జబ్బు ఉంటే దానికి మందు మేం సరిచేస్తాం. ఇంకో మాట, ఇది అంటువ్యాధి కాదు, పళ్ళెం, గ్లాసు విడిగా పెట్టనక్కర్లేదు, మనవల్ని దూరంగా ఉంచనక్కర్లేదు. అలా విడిగా పెట్టిన గ్లాసుని చూసే కొంతమంది తాగడం మానేస్తారు.

ముక్క తీస్తే ముదురుతుందా? ముదరదు. మన ఊళ్ళలో ఈ మాట ఎందుకు పుట్టిందో నాకు తెలుసు: ముక్క తీసేనాటికే జబ్బు ముదిరి ఉంటుంది, రిపోర్టు వచ్చి, డబ్బులు సర్దుకుని, ఎవరితో వెళ్ళాలో తేల్చుకునేసరికి ఇంకో నెల, ఈలోపు మనిషి క్షీణిస్తాడు, అందరికీ గుర్తుండేది ముక్క తీసిన రోజు. ముక్క తీయకుండా ఎవరూ కీమో కానీ రేడియేషన్ కానీ మొదలుపెట్టరు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. స్క్వామస్ అనేది ఎక్కువగా పైభాగంలో, మధ్యభాగంలో వస్తుంది, పొగాకు, సారా, వక్క దీనికి దోస్తులు, మన దేశంలో ఇదే ఎక్కువ. అడినో అనేది కిందిభాగంలో, ఏళ్ళ తరబడి పులితేనుపులు, గుండెల్లో మంట ఉన్నవాళ్ళలో, ఊబకాయం ఉన్నవాళ్ళలో వస్తుంది. రెండింటికీ వైద్యం ఒకటి కాదు, అందుకే ఆ ముక్క కావాలి.

ఇప్పుడు స్టెంట్. మీకు వెంటనే వేసేద్దాం అన్నారని రాశారు. సి.టి. స్కాన్ అయ్యిందా అన్నది మీరు రాయలేదు. అది అవ్వకపోతే స్టెంట్‌కి ఇప్పుడే ఒప్పుకోకండి. స్టెంట్ మంచి సాధనమే, లోహపు జల్లెడ గొట్టం, గడ్డ మధ్యలో విచ్చుకుని దారి ఇస్తుంది, ఒకటి రెండు రోజుల్లో మనిషి తాగగలుగుతాడు, మెత్తటిది తినగలుగుతాడు. కానీ అది ప్రధానంగా జబ్బు కాలేయానికో ఊపిరితిత్తులకో పాకిపోయి, నయం చేసే వైద్యం కుదరదని తేలినవాళ్ళకి. నయం అయ్యే అవకాశం ఇంకా ఉన్న మనిషికి ముందుగానే స్టెంట్ వేస్తే రక్తస్రావం, చిల్లు పడటం లాంటి చిక్కులు వచ్చి, తర్వాత చేయాల్సిన ఆపరేషన్‌కి అది అడ్డంకి కావచ్చు. ముందు ఛాతీ, పొట్ట సి.టి. స్కాన్, వీలైతే పెట్ స్కాన్ (జబ్బు ఒంట్లో ఎక్కడెక్కడికి పాకిందో చూపేది) కూడా, ఆ తర్వాతే ఆ నిర్ణయం. ఈలోగా తిండికి ట్యూబ్ ఉంది కదా.

స్కాన్‌లో జబ్బు అక్కడికక్కడే ఉందని తేలితే, ఒంట్లో బలం ఉంటే, కీమో రేడియేషన్ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేయడం ఒక పద్ధతి. నెదర్లాండ్స్‌లో క్రాస్ అనే పేరుతో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది, ఆపరేషన్ ఒక్కటే చేసినవాళ్ళలో సగం మంది 24 నెలలు దాటి బతికితే, ముందు కీమో రేడియేషన్ ఇచ్చినవాళ్ళలో సగం మంది 49 నెలలు దాటి బతికారు. స్క్వామస్ రకంలోనైతే ముందు వైద్యంతోనే దాదాపు సగం మందికి, ఆపరేషన్‌లో తీసిన భాగంలో మైక్రోస్కోపు కింద కూడా గడ్డ కనపడలేదు. నమ్మకం పెట్టుకోదగ్గ లెక్కలు ఇవి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, అవి ఆపరేషన్ తట్టుకునే స్థితిలో ఉన్న మనుషుల లెక్కలు, మనవాళ్ళు ఆ స్థితిలో అక్కడికి చేరాలి. నేను మళ్ళీ మళ్ళీ తిండి అంటున్నది అందుకే.

మా రైతుకి రెండు వారాలకు పైగా ట్యూబ్ ద్వారా తిండి పెట్టాక విశాఖ పంపాను. కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి, పక్కనున్న గ్రంథులకి మాత్రం పాకింది. చుట్ట వల్ల ఊపిరి బలం లేదు, ఛాతీ తెరిచే ఆపరేషన్ తట్టుకోడని చెప్పారు. అలాంటప్పుడు ఆపరేషన్ లేకుండా కీమో రేడియేషనే పూర్తి వైద్యంగా ఇస్తారు, సాధారణంగా 28 విడతల్లో 50.4 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్, వారానికి ఐదు రోజులు, దాంతోపాటు వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు. మూడో వారం నుంచి కష్టం మొదలవుతుంది. లోపల కాలినట్టు మంట, ఉమ్మి మింగినా నొప్పి. ఎక్కువమంది పారిపోయి ఇంటికొచ్చేసేది ఆ వారంలోనే. ఆయన కొడుకూ ఫోన్ చేసి "అయ్య ఒద్దంతన్నాడు బాబూ, ఎల్లిపొచ్చేద్దుమా" అన్నాడు. మధ్యలో ఆపితే సగం చచ్చిన గడ్డ మళ్ళీ లేస్తుంది, నొప్పికి మందు అడగండి, ట్యూబ్ ఉంది కాబట్టి నోటితో ఏమీ మింగనక్కర్లేదు, ఇంకో రెండు మూడు వారాలు ఓర్చుకోండి అన్నాను. ఓర్చుకున్నారు. ట్యూబ్ లేకపోయుంటే ఆ వారంలో ఆయన్ని ఆపగలిగేవాళ్ళం కాదు.

ఎక్కడికి వెళ్ళాలి అన్నదానికి, గుణుపురం నుంచి మీకు విశాఖే దగ్గర, నేరుగా రైలు ఉంది. అక్కడ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఊళ్ళో ప్రభుత్వ పెద్దాసుపత్రి కె.జి.హెచ్. ఉంది. ఒడిశాలోనే చేయించుకోవాలంటే కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్. చికిత్స నాణ్యత కన్నా మీకు అడ్డం పడేది కార్డు. ఆంధ్ర ప్రభుత్వ వైద్యసేవ కార్డు అక్కడి కుటుంబాలకే, ఒడిశా రేషన్ కార్డుతో అది పనిచేయదు, మన సరిహద్దు ఊళ్ళలో చాలామంది ఇది తెలియక వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడిపోతారు. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి, కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. మీ కార్డు మీరు వెళ్ళే ఆసుపత్రిలో, మీకు కావాల్సిన వైద్యానికి చెల్లుతుందా అని బయల్దేరే ముందే ఫోన్ చేసి అడగండి. ఆరు వారాలు అక్కడ ఉండాలి కాబట్టి బస గురించి కూడా అప్పుడే అడగండి. రైలులో క్యాన్సర్ రోగికి స్లీపర్, మూడో ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, మొదటిసారి వెళ్ళినప్పుడే అడిగి తీసుకోండి.

నాన్నకి చెప్పాలా? ప్రతి ఇంట్లోనూ కొడుకులు నన్ను పక్కకి పిలిచి 'చెప్పకండి బాబూ, తట్టుకోలేడు' అంటారు. ప్రేమతోనే అంటారు. మా రైతు కొడుకూ అలాగే అన్నాడు. ఆ కుర్రాడు మందుల షాపుకి వెళ్ళగానే ఈయన తలుపు వైపు ఓసారి చూసి అడిగాడు: "ఆడికి తెల్డనుకుంతన్నాడు. ఇది ఆ జబ్బే కదా బాబూ?" ఔను మావయ్యా అన్నాను. కాసేపు ఊరుకుని, "నయమవుతాదా" అన్నాడు. కొందరికి అవుతుంది, మీకు అవుతుందో లేదో స్కాన్ అయ్యాకే చెప్పగలను, కానీ మళ్ళీ నోటితో తినేలా చేయడానికి గట్టిగా ప్రయత్నిద్దాం అన్నాను. ఆయన ముందు అడిగింది పొలం పనుల గురించి, ఎవరికి ఎంత బాకీ ఉందో ఎప్పుడు చెప్పాలి అని. రేడియేషన్ గది బయట బోర్డు చదవగలిగిన మనిషికి, పక్క మంచం వాళ్ళతో రోజంతా మాట్లాడే మనిషికి ఎన్నాళ్ళు దాచగలం? తెలిసినవాడు మూడో వారం నొప్పిని ఓర్చుకుంటాడు, ఎందుకు ఓర్చుకోవాలో తెలుసు కాబట్టి. గ్యాస్‌కి ఇంత కష్టం ఎందుకు అనుకునేవాడు ఇంటికి పోదాం అంటాడు. ఒకేసారి అన్నీ గుమ్మరించనక్కర్లేదు. ఆయన ఎంత అడిగితే అంత చెప్పండి, అబద్ధం మాత్రం చెప్పకండి. మీకు నోరు రాకపోతే డాక్టరుని చెప్పమనండి, మీరు పక్కన కూర్చోండి.

తర్వాత ఏమైందని అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. వైద్యం అయిన కొన్ని వారాలకి నీళ్ళు, తర్వాత మెత్తటి అన్నం దిగాయి, ట్యూబ్ తీసేశాను. మధ్యలో రేడియేషన్ మచ్చ వల్ల దారి మళ్ళీ ఇరుకైతే బెలూన్‌తో సాగదీశాం, అది జబ్బు తిరిగి రావడం కాదు, పరీక్ష చేసి చూసుకున్నాకే చేశాం. చేపల పులుసుతో అన్నం తిన్నానని ఒకసారి ప్రత్యేకంగా వచ్చి చెప్పి వెళ్ళాడు. ఏడాదిన్నర దాటాక గొంతు బొంగురుపోయింది, నీళ్ళు తాగితే దగ్గు. గొంతు బొంగురంటే స్వరపేటికకి వెళ్ళే నరాన్ని జబ్బు నొక్కుతోందని అనుమానించాలి, తాగగానే దగ్గంటే ఆహారనాళానికీ గాలిగొట్టానికీ మధ్య కన్నం పడిందేమో చూడాలి. అదే అయింది. అప్పుడు విశాఖలో స్టెంట్ వేశారు, ఆ కన్నాన్ని మూసే పూత ఉన్న స్టెంట్. అలాంటప్పుడు అదే సరైన పని. స్టెంట్ ఉన్నవాళ్ళు మాంసం ముక్కలు, ఎండు చపాతీ మానేసి, మెత్తటిది బాగా నమిలి, కూర్చుని తినాలి, గడ్డ కిందిభాగంలో ఉంటే తలవైపు మంచం ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. చివరి నెలల్లో నొప్పికి మార్ఫిన్ ఇచ్చాం. 2014లో చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు దీన్ని ఇవ్వడం సులువైంది, అయినా మన దగ్గర అడిగేవాళ్ళు తక్కువ, మార్ఫిన్ అంటే చంపే మందని భయం. సరైన మోతాదులో ఇస్తే అది చంపదు, మలబద్ధకం మాత్రం చేస్తుంది, దానికి మందు కలిపే ఇస్తాం. మొదట వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు రెండేళ్ళు బతికాడు, అందులో ఎక్కువ భాగం నోటితో తిన్నాడు, కూతురి పెళ్ళి దగ్గరుండి చేశాడు. ఉమ్మి గిన్నెతో వచ్చిన రోజున అందరూ వారం రోజుల మాట అన్నారు.

మీ నాన్నగారికి ఇంకా ద్రవాలు దిగుతున్నాయి, అంటే మా రైతు కన్నా మెరుగైన చోట ఉన్నారు. ఆ చోటు జారిపోనివ్వకండి. చుట్ట, ఖైనీ, గుడాఖు, సారా ఏవి ఉన్నా ఈరోజే ఆపించండి, ఇప్పుడు ఆపి ఏం లాభం అనకండి, రేడియేషన్ బాగా పనిచేయడానికీ, ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆడటానికీ అది కావాలి. ఇంట్లో మిగతావాళ్ళ గురించి కూడా రెండు మాటలు. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చే అమ్మమ్మలు మన దగ్గర ఇంకా ఉన్నారు, వాళ్ళకి అంగిట్లో క్యాన్సర్ వస్తుంది, నోరు తెరిపించి చూడండి. 65 డిగ్రీలు దాటిన వేడితో టీ, కాఫీ తాగే అలవాటు ఆహారనాళం క్యాన్సర్‌కి బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో చెప్పింది, కాబట్టి పొయ్యి మీంచి దించిన గ్లాసు కాసేపు ఆగనివ్వండి. నలభై దాటిన ఎవరికైనా రెండు వారాలు వరుసగా ముద్ద ఆగితే గ్యాస్ మాత్ర కొనకండి, ఎండోస్కోపీ చేయించండి.

ముందు ఎండోస్కోపీ చేసిన చోటికే వెళ్ళి ట్యూబ్ వేయించుకోండి, రోజుకి కావాల్సినంత నోటితో తాగగలుగుతుంటే అక్కర్లేదు, బరువు తగ్గుతుంటే మాత్రం ఆలస్యం వద్దు. విశాఖ వెళ్ళేటప్పుడు బయాప్సీ రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ముక్కని మైనంలో పోసిన బ్లాక్, గాజు స్లైడ్లు ల్యాబ్ నుంచి అడిగి తీసుకెళ్ళండి, లేకపోతే అక్కడ మళ్ళీ ముక్క తీయాల్సి వచ్చి ఇంకో వారం పోతుంది. ఎండోస్కోపీ ఫొటోలు, స్కాన్ అయ్యుంటే దాని సి.డి., ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య కార్డు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు ఒక సంచిలో పెట్టండి. ప్రయాణంలో కూడా రెండు మూడు గంటలకోసారి తిండి పడాలి, వడగట్టిన జావ శుభ్రమైన ఫ్లాస్క్‌లో పోసుకోండి, నాలుగు గంటల్లోపు వాడేయండి, మిగిలితే పారబోయండి. స్కాన్ రిపోర్టు వచ్చాక అందులో ఏం రాశారో నాకు రాయండి, ఆపరేషనా, రేడియేషనా, స్టెంటా అన్నది అప్పుడు ఇంకొంచెం స్పష్టంగా మాట్లాడుకుందాం.